ఎకో గదిలో సీతాబాయి కేక

ఇటు జరిగి కూర్చో బిడ్డా. ఫ్యాను చప్పుడులో సగం మాట పోతే కథ కుంటిదైపోతుంది.

మోతె పక్క తండాలో సీతాబాయి అని ఒకామె ఉంది. ఆమె నోటికి సరిపడే తాళం ఏ కమ్మరీ ఇంకా చేయలేదు. ఈ మాట అనేది కూడా ఆమే.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ ఏడాది ఇంటిల్లిపాదికీ జ్వరాలొచ్చి తగ్గాయి. మనవరాలు తారాకు మాత్రం ఒక పూట ముక్కు కారి ఊరుకుంది. "నా కషాయం తాగిన పిల్లను ఏ రోగం ముడుతది?" అని సీతాబాయి తండా అంతా చాటింపు వేసింది.

నెల తిరిగిందో లేదో ఆ పిల్లకు ఒళ్లు కాలిపోయే జ్వరం. పెదాలు ఎర్రగా, నాలుక ఎర్రగా. సీతాబాయి ఇట్టే కనిపెట్టేసింది. రంగు ఐసు తిన్నది, అంతే. కోదాడ రోడ్డు మీద ఐసుబండి అతన్ని పట్టుకుని నలుగురిలో కడిగేసింది. అతను ఓపికగా అంతా విని, "అవ్వా, లాక్‌డౌన్ల బండి బయటికే తియ్యలే. ఇయ్యాల్నే తీసిన," అన్నాడు.

ఇంటికొచ్చి చూస్తే పిల్ల కళ్లు కూడా ఎర్రబడ్డాయి, ఒంటిమీద దద్దుర్లు లేచాయి. కళ్లతో ఎవరూ ఐసు తినరని అప్పుడు తట్టింది ఆ మహాజ్ఞానికి. కోడలు చంటిపిల్లతో ఇంట్లో ఉండిపోతే, కొడుకు వీరేందర్ ఆటోలో తల్లినీ తారానూ సూర్యాపేట చేర్చాడు.

అక్కడి పిల్లల డాక్టరు ఇంట్లో ఎవరెవరికి కరోనా వచ్చిందో అడిగాడు, రక్తం తీయించాడు. వైరస్ పోయిందట. దానితో పోట్లాడటానికి లేచిన ఒళ్లే ఇంకా చల్లారలేదట. ఆ వాపు గుండెకూ పాకవచ్చట.

"అంటే దొంగ పోయినంక కుక్కలు ఇంటోళ్ల మీద పడ్డట్టా, సారూ?" అంది సీతాబాయి.

"అట్లనే అమ్మా. గుండెకు ఎకో తీయాలె. పిల్లల గుండె డాక్టరమ్మ ఇయ్యాల మిర్యాలగూడల ఉంటది. ఆమె సూసి చెప్తేనే మందు ఎంత గట్టిగ ఇయ్యాల్నో తెలుస్తది," అని సెలైన్‌తోనే అంబులెన్సు ఎక్కించాడు.

తీరా మిర్యాలగూడ వెళ్లాక తారా బల్ల ఎక్కనంది. తెల్లకోటు కనిపించిన ప్రతిసారీ సూదే గుచ్చుకుంది మరి. ఎత్తి పడుకోబెడితే తన్నులు, ఏడుపు. తెర మీద బొమ్మ నిలవడం లేదు.

"కదిలితే నాకు రక్తనాళం కొలత అందదమ్మా," అంది డాక్టర్ సుకన్య. "నిద్రమందు ఇద్దామంటే బీపీ బాగా తక్కువుంది, నాకు ధైర్యం చాలట్లేదు. మీరేమైనా కబుర్లు చెప్పి పడుకోబెడతారా?"

కబుర్లు! పుట్టిన దగ్గర్నుంచీ సీతాబాయి ఎదురుచూసిన ఉద్యోగం అది. నోరు తెరిచింది. మూడు తరాల పెళ్లిళ్లు, చావులు, మేకల పేర్లతో సహా గుర్తున్న మనిషికి ఆ పూట ఒక్క కథకూ మొదలు దొరకలేదు. ఏదో ఒకటి చేయాలి గనుక గాజులు పైకి తోసుకుని తనే బల్ల ఎక్కింది.

"ముందు నాకు పెట్టు డాక్టరమ్మా. సూడు బిడ్డా, పెన్‌పహాడ్ల మిరపకాయ ఏరంగ తేలు కుడితే గూడ నేను ఏడ్వలే. గిదొక లెక్కనా?"

డాక్టరమ్మ ఆమె మెడ కింద జెల్లు రాసింది. ఏసీ గదిలో జెల్లు చన్నీళ్లకు మేనత్త. సీతాబాయి పెట్టిన కేకకు బయట ఉన్న వీరేందర్ తలుపు తోసుకుని వచ్చాడు. చూస్తే తల్లి బల్ల మీద, జ్వరప్పిల్ల కింద.

"ఏమైంది యాడీ?"

"ఏం గాలే. సల్లగుంది."

తారా నవ్వింది. జ్వరం మొదలైనాక అదే మొదటి నవ్వు. "దాదీ, గింతదానికేనా? దిగు. నేను పండుకుంట, సూసి నేర్సుకో. నువ్వు మాత్రం మాట్లాడొద్దు. నువ్వు మాట్లాడితే నాకు నవ్వొస్తది, ఫొటో ఖరాబైతది."

సీతాబాయి కొంగు నోట్లో కుక్కుకుంది. సేవాలాల్‌కు మొక్కుకుందామన్నా ఆమెకు గట్టిగా మొక్కడమే తప్ప మనసులో మొక్కడం రాదు. తెర మీద మనవరాలి గుండె కాలువలో చేప నోరులా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. దాన్ని చూస్తూ ఊపిరి కూడా మెల్లగా పీల్చింది.

"ఒక నాళం కొంచెం ఉబ్బింది, గుండె కాస్త నీరసంగా కొట్టుకుంటోంది," అంది డాక్టరమ్మ చివరికి. "మందు ఇవాళే మొదలుపెడితే సర్దుకునే అవకాశం బాగా ఉంది." అప్పటికప్పుడే సూర్యాపేటకు ఫోన్ చేసింది.

మందు పనిచేసింది. కొన్ని వారాలకు మళ్లీ ఎకోకు వెళితే నాళం వాపు దిగిపోయిందన్నారు. తారా గెంతుతూ బయటికొచ్చేసరికి, తలుపు దగ్గర అనంతగిరి నుంచి వచ్చిన ఒక చిన్నపిల్ల లోపలికి రానని తల్లి చీర పట్టుకుని ఏడుస్తోంది.

"సూది లేదు, సల్లగుంటది గంతే," అంది తారా. "మా దాదీ అయితే గిట్ల ఒర్రింది." ఒర్రి చూపించింది. వరుసలో కూర్చున్న వాళ్లంతా సీతాబాయి వైపు తిరిగారు.

"గంత పెద్దగ ఒర్రలే," అంది సీతాబాయి, పరువు దక్కించుకోవడానికి. ఇంతలో ఆ పిల్ల ఏడుపు ఆపి, చీర వదిలి, ఆమెనే చూస్తోంది.

"ఇంకా పెద్దగ ఒర్రిన," అని దిద్దుకుంది సీతాబాయి. "సరిగ చెప్పు బిడ్డా."

నువ్వూ గుర్తుపెట్టుకో. కరోనా వచ్చిపోయిన ఇంట్లో పిల్లకు జ్వరమొచ్చి కళ్లూ పెదాలూ ఎర్రబడితే, ఐసుబండి దగ్గరికి కాదు, దవాఖానకు పొమ్మను. ఎకో బల్ల చూసి బెదిరే పిల్ల కనిపిస్తే ఈ కథ చెప్పు. కేక దగ్గర మాత్రం గొంతు తగ్గించకు.