ఒంటిరాయి దిద్దులు

గిన్నెలు తోమడం అయ్యాక నగలు తోమడం మొదలైంది. సింకు కన్నంలో గుడ్డ కుక్కి, గోరువెచ్చటి నీళ్ళలో నాలుగు చుక్కల సబ్బు వేసి, పసిపిల్లల పళ్ళ బ్రష్షు పట్టుకుని నిలబడింది కోడలు. పెట్టెలోని వజ్రాల నగలన్నీ అత్తగారు ఇవాళ కొడుక్కీ కూతురికీ పంచబోతున్నారు. పంచాలంటే ఏది ఎంత చేస్తుందో తెలియాలి కదా! పాత నగలు కొనే దుకాణంలో రాళ్ళకి విలువ కట్టడమే ఈమె ఉద్యోగం. "బయటివాళ్ళయితే చార్జీ అడుగుతారు. ఇంట్లో మనిషి ఉండగా మనకెందుకమ్మా ఆ దండగ?" అన్నారు అత్తగారు పొద్దున్నే. ఇంట్లో మనిషి అంటే జీతం లేని మనిషన్నమాట.

పోనీ, ఆ దుకాణంలో మాత్రం ఏం ఒరిగింది గనక! భూతద్దం కంటికి ఆనించుకుని రాయిలోని మచ్చా పగులూ వెతికేది ఈమె. వెల చెప్పేది యజమాని. "చూడటం నువ్వు చూడు, మాట నేను చెప్తాను. ఆడవాళ్ళు చెబితే ఎవరు నమ్ముతారు?" అంటాడు. ఈమె గుసగుసగా చెప్పిందే ఆయన గొంతు సవరించుకుని పైకి చెబుతాడు. వచ్చినవాళ్ళు ఆయన కంటిచూపుని మెచ్చుకుని వెళ్తారు.

పెట్టె అడుగునుంచి ఒంటిరాయి దిద్దులు చేతికొచ్చాయి. వాటి వాలకం చూసి ఆమె ప్రాణం ఉసూరుమంది. ఇవి అత్తగారివి కావు. అమ్మ తన చెవుల నుంచి తీసి ఈమె చెవులకు పెట్టినవి. కాపురానికి వచ్చిన కొత్తల్లోనే, "వంటింట్లో తిరిగే చెవులకి వజ్రాలెందుకే, నా దగ్గర భద్రంగా ఉంటాయి" అని అత్తగారు పెట్టెలో పడేశారు. ఎంత భద్రమంటే, ఆడపడుచు చెవులకి తప్ప ఇంకెవరికీ అందనంత భద్రం. ఒకసారి నోరు విడిచి అడిగింది కూడా. "నావి, నీవి అంటావేంటి? మనం వేరువేరా?" అన్నాడు భర్త. ఆ ఒక్క ముక్కతో ఆమె నోరు మూతపడింది.

వజ్రానికి జిడ్డంటే మహా ప్రీతి, ఎక్కడున్నా పట్టేసుకుంటుంది. ఆడపడుచు దిద్దులు తీయకుండానే తలకి నూనె పట్టిస్తుంది. అత్తగారు పైపైన పొడిగుడ్డతో తుడిచి మూత పెట్టేస్తారు. రాయి వెనక పేరుకున్న జిడ్డు సంగతి ఎవరికీ పట్టలేదు. "పుట్టింటివాళ్ళు పెట్టిన రాళ్ళు, అంతకంటే ఏం మెరుస్తాయిలే" అని ఇంటిల్లిపాదీ తేల్చేశారు. ఈమె కూడా, సిగ్గు విడిచి చెప్పాలంటే, అంతే కాబోలనుకుంది. పెళ్ళినాటికి ఈమెకు రాళ్ళ సంగతి తెలియదు మరి.

బ్రష్షుతో రాయి వెనకవైపు మెల్లగా రుద్ది, కడిగి, మెత్తటి గుడ్డతో అద్ది, కిటికీ దగ్గర నిలబడి భూతద్దం పెట్టింది. మచ్చ లేదు, పగులు లేదు. అత్తగారు ప్రాణంలా చూసుకునే హారంలో పసుపు చాయ, నల్ల నలుసులు. వీటిలో అలాంటిదేమీ కనిపించలేదు. అమ్మా, ఎంత మంచివి పెట్టావే నాకు, అనుకుంటుంటే కళ్ళు చెమర్చాయి.

"ఎలా ఉన్నాయి?" అంటూ భర్త వచ్చాడు.

"ఈ పెట్టెలో వీటిని మించినవి లేవండీ."

అతను హాల్లోకి తొంగిచూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట బయట అనకు. చెల్లెలు కావాలంటుంది, అమ్మ కాదనలేదు. నాసిరకం రాళ్ళని చెప్పెయ్. అయితే నువ్వే ఉంచుకో అంటారు. గొడవ లేకుండా నీ చేతికొస్తాయి."

నిజం చెప్పొద్దూ, సలహా బాగానే ఉందనిపించింది. ఈ ఇంట్లో ఆమెకు దక్కినవన్నీ అలా దక్కినవే. "ఏదో చిన్న ఉద్యోగంలెండి" అంటేనే ఉద్యోగం నిలిచింది. జ్వరంతో ఒళ్ళు కాలిపోతున్నా "ఏం లేదు, కాస్త నలతగా ఉంది" అంటేనే కాసేపు నడుం వాల్చనిచ్చారు. ఇప్పుడు అమ్మ పెట్టిన దిద్దుల్ని కూడా తన నోటితో తనే చులకన చేయాలి! ఒళ్ళు మండిపోయింది. ఇక చాలు, అనుకుంది.

హాల్లో బల్ల మీద తెల్లగుడ్డ పరిచి, ఒక్కొక్క నగ చూపిస్తూ వెల చెప్పింది. చివరికి దిద్దులు పెట్టగానే ఆడపడుచు ఎగిరి గంతేసినంత పనిచేసింది. "అబ్బ! ఇవి అవేనా వదినా? అమ్మా, ఇవి నాకే!"

భర్త గొంతు సవరించుకున్నాడు. "అవా? ఏదో నాసిరకం రాళ్ళేనటమ్మా."

"కాదు. ఈ బల్ల మీద అన్నిటికంటే మేలైనవి ఇవే" అంది కోడలు.

"అయితే వీటిని ఎవరి వాటాలో వేయమంటావు?" అన్నారు అత్తగారు.

"ఎవరి వాటాలోనూ వద్దు అత్తయ్యా. ఇవి మా అమ్మ నాకు పెట్టినవి." అందరి ఎదుటా దిద్దులు తీసి చెవులకు పెట్టుకుని మర బిగించింది.

"ఇన్నాళ్ళకి నావీ మీవీ అని వేరు చేస్తున్నావన్నమాట!"

"పంపకాలు మొదలుపెట్టింది మీరే కదా అత్తయ్యా."

ఆడపడుచు మూతి ముడుచుకుంది. కోడలు వంటింట్లోకి నడిచింది, భర్త వెనకే వచ్చాడు. "నేను చెప్పినట్టు అని ఉంటే, ఎవరూ నొచ్చుకోకుండా నీకే వచ్చేవి కదా!"

"వచ్చేవండీ. కానీ బతికినన్నాళ్ళూ నాసిరకం దిద్దుల్లాగే పెట్టుకోవాల్సి వచ్చేది."