మరువం వేసిన మైనం

మైనం పోసేటప్పుడు అనితను పిలవకూడదు. పుంగనూరులో ఆ వీధి పిల్లలకు కూడా తెలిసిన ఈ సంగతి ఆమె భర్త దామోదర్‌కు తెలియదు.

రామసముద్రం నుంచి తెప్పించిన తేనెమైనాన్ని, వేడినీళ్ళ పాత్రలో గిన్నె నిలిపి కరగబెట్టాలి. నేరుగా మంట మీద పెడితే మాడిపోతుంది. కరిగాక మరువం నూనె కలిపి, వత్తి నిలబెట్టిన గాజు గ్లాసులో ఒక్క ధారగా పోయాలి. మధ్యలో చెయ్యి ఆగితే కొవ్వొత్తికి గీత పడుతుంది. ఇంటిపనీ అంతే: జరిగినన్నాళ్ళూ ఎవరికీ కనబడదు, ఆగిన పూట అందరికీ కనబడుతుంది.

మరునాటి నుంచి కుప్పంలో మహిళాసంఘాల ప్రదర్శన, మూడు రోజులు. అనిత కొవ్వొత్తులకు ఒక బల్ల కేటాయించారు. పెళ్ళయ్యాక ఆమె పేరు మాత్రమే రాసి ఉన్న మొదటి చోటు ఆ బల్ల.

దామోదర్ మదనపల్లెలో సీనియర్ అసిస్టెంటు. ఆఫీసులో పోయిన ఫైలును వెతికిపట్టడంలో ఆయనను మించినవారు లేరని పేరు. ఆ ప్రతిభ వంటింటి గడప దగ్గర ఆగిపోతుంది.

"మూడు దినాలు నువ్వు ఆడ కూసుంటే, ఈడ నాకు సంకటి ఎవురు పెడతారు?" అని ఆ ఆదివారం పొద్దున్నే తేల్చేశాడు. "ఇంట్లో సేసుకునేదానికి సోటు ఇచ్చినా గదా, సాలదా?"

అత్త మునెమ్మ ఆయుష్షులో అధికభాగం సంకటిముద్ద పక్కన నెయ్యిగిన్నె పట్టుకుని నిలబడడంలోనే గడిచింది: మొదట భర్తకు, తర్వాత కొడుక్కు. కోడలు వచ్చాక ఆ గిన్నె చేతులు మారింది.

మధ్యాహ్నం అనిత రెండో గిన్నెను పొయ్యి దగ్గరే ఉంచి, మొదటి గిన్నెడు మైనంతో పెరటి వసారాలో గ్లాసులు నింపుతూ ఉండగా లోపలి నుంచి కేక వినిపించింది.

"నెయ్యి!"

"చేతిలో పనుండాది. వంటింట్లో ఉండాది, మీరే పోసుకోండి."

ఆయన లేచాడు. ఆ ఇంటి చరిత్రలో అది నమోదు చేయదగిన ఘట్టం. పొయ్యి పక్కన వేడినీళ్ళలో నిలిపిన గిన్నె కనిపించింది. అందులో బంగారురంగు ద్రవం, కమ్మని ఆకు వాసన. నెయ్యి కాచేటప్పుడు ఆకు వేయడం మునెమ్మ పుట్టింటి ఆచారం. ఇంకేం కావాలి? కంచంలోని ముద్ద నడుమ గుంట చేసి నిండా పోసుకున్నాడు.

"అమ్మా, సూడు! ఇన్నేండ్లకు నీ కోడలు నెయ్యి కాంచేది నేర్సింది. ఏం వాసన!" అని మెచ్చుకుని, ఫోన్లో తల దూర్చాడు.

తల ఎత్తి వేలు ముంచబోతే, వేలు మునగలేదు.

"ఇదేందప్పా, రాయి మాదిరి ఉండాది!"

అనిత ఆఖరి గ్లాసు నింపి, గీత పడలేదని చూసుకుని, అప్పుడు లోపలికి వచ్చింది. కంచం చూసింది. అచ్చు ముచ్చటగా కుదిరింది. చేతిలో మిగిలిన వత్తిని, నడుమ ఇంకా మెత్తగా ఉన్న చోట గుచ్చి నిలబెట్టింది.

"నాకు మైనం పెడతావా?"

"మీరే పోసుకున్నారు. నెయ్యి అలమరలో ఉండాది. మీరు పుట్టినప్పటి నుంచీ ఆడనే ఉండాది. మూడు దినాల్లో దొరుకుతాదిలెండి. నేను పొద్దున బస్సుకు కుప్పం పోతాండా."

"అమ్మా! సూడమ్మా, నీ కోడల్ని!"

మునెమ్మ చూసింది. కోడలిని కాదు, ముద్దలో నిటారుగా నిలబడ్డ వత్తిని. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. ఆ తర్వాత లేచి గదిలోకి వెళ్ళి, చీరలు సంచిలో సర్దడం మొదలుపెట్టింది.

"నువ్వు యాడికమ్మా?"

"కుప్పానికి. నేను ఈడుంటే ఆ నెయ్యి నీకు ఎప్పటికీ దొరకదు నాయనా."