బానెట్ మీద ముఖం

రాజనర్సు పొద్దున్నే బకెట్టు నింపుకుని పార్కింగులోకి వచ్చేవాడు. ముందు ఉత్త నీళ్లు కొట్టి దుమ్ము దించేవాడు. దుమ్ము మీదే గుడ్డ పెడితే రంగు మీద గీతలు పడతాయి. తర్వాత షాంపూ నీళ్లు, మళ్లీ మంచినీళ్లు. బండి ఇంకా తడిగా ఉండగానే సీసాలోని పాలిష్‌ను అక్కడక్కడా పిచికారీ కొట్టి, ఒక మెత్తటి గుడ్డతో పరిచి, ఇంకో పొడి గుడ్డతో తుడిచేసేవాడు. అంతే. చెయ్యి నొప్పిపుట్టేలా రుద్దేది లేదు, మిషన్లు లేవు. నీడపట్టు కాబట్టి మచ్చలు కూడా కట్టేవి కావు. పైన ఎవరో పొయ్యి మీద పెట్టిన కుక్కరు దిగేలోపల కింద ఒక కారు అద్దంలా తయారయ్యేది.

ఈ సులువు చెప్పింది ఆ అపార్ట్‌మెంట్ల సొసైటీ సెక్రటరీ ఉమాకాంత్. వాళ్ల తాత జగిత్యాల నుంచి సూరత్ వచ్చి స్థిరపడ్డాడు. ఇంట్లో తెలుగు, బజార్లో గుజరాతీ.

"గంటలు గంటలు రుద్దకు కాకా. బండ్లు యాడికి పోతలేవ్. జల్ది జల్ది తుడువు. చమక్ కొడితె చాలు," అన్నాడు మొదటి రోజే.

బండ్లు నిజంగానే ఎక్కడికీ పోవడం లేదు. లాక్‌డౌన్ పెట్టిన కొత్త. సూరత్‌లోనే లింబాయత్ పేటలో రాజనర్సు నడిపే మరమగ్గాలు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఆ మోతలోనే సగం జీవితం గడిపినవాడికి మోత లేని గదిలో నిద్ర పట్టలేదు. గదిలో కలిసి ఉండేవాళ్లంతా ఒక్కొక్కరే ఊళ్ల దారి పట్టారు. చివరికి మిగిలిన గంగారాం కూడా మూట కట్టుకుంటూ, "నువ్వు గూడ రారాదే," అన్నాడు.

"వచ్చి ఎవరింటికి పోవాలె?" అన్నాడు రాజనర్సు.

రాజనర్సు భార్య పోయి చాలా కాలమైంది. పిల్లలు పుట్టలేదు. ఊళ్లో అతను పుట్టిన ఇంటి జాగాలో ఎవరిదో మేడ లేచింది. అందుకని తెలిసినవాళ్ల ద్వారా అడాజన్‌లోని ఈ సొసైటీకి చేరాడు. కరెంటు మీటర్ల పక్కనున్న చిన్న గదిలో ఉంటూ, గేటు చూసుకుంటూ, కార్లు తుడిచేవాడు.

అతను తుడిచిన కార్లలో మనుషులు కనబడటం ఆ ఎండాకాలంలోనే మొదలైంది. కారు ముందు ఎవరు నిలబడితే, ఆ క్షణాన వాళ్లను తలుచుకుంటున్నవాళ్లు ఆ మెరుపులో కనబడేవారు. రెండో అంతస్తు ప్రమీలకు తన ఎర్ర కారు డోరు మీద పుణెలో చిక్కుకుపోయిన కూతురు కనబడింది, తల దువ్వుకుంటూ. ఇంకొకాయనకు భావనగర్‌లో రొట్టెలు ఒత్తుతున్న తల్లి. ఒక కుర్రాడికి మాత్రం ఎప్పుడు చూసినా ఆఫీసులో పై అధికారే కనబడుతుంటే, విసుగొచ్చి కారుకు కవరు తొడిగేశాడు.

సొసైటీ వాట్సాప్ గ్రూపులో పెద్ద చర్చే జరిగింది. అయితే అది మనుషులు కనబడటం గురించి కాదు. అందరూ ఒకేసారి కిందికి దిగితే దూరం ఎలా పాటించాలన్న దాని గురించి. చివరికి ఒక్కో అంతస్తుకు ఒక్కో వేళ ఇచ్చారు. ఉమాకాంత్ ఇంకో పెట్టె పాలిష్ తెప్పించాడు.

రాజనర్సు కూడా ప్రతి కారులోనూ చూసుకునేవాడు. అతనికి పైకప్పు కనబడేది, నీళ్ల పైపులు కనబడేవి, ట్యూబులైటు కనబడేది. గుడ్డ మడిచి ఇంకో కారు దగ్గరికి నడిచేవాడు.

అందరూ చూసుకుని వెళ్లాక మూడో అంతస్తు తెలుగావిడ భాగీరథి దిగేది. నూలు వ్యాపారం చేసే భర్త కరోనా కంటే ముందే పోయాడు. పెద్ద ఫ్లాటులో ఒక్కతే ఉంటుంది. ముక్కూ మూతీ మూసే గుడ్డ మాస్కు, దాని మీద మళ్లీ కొంగు. కళ్లు తప్ప ఏమీ కనబడేవి కావు. ఎడమ కనుబొమ్మను మధ్యలో చీలుస్తూ ఒక పాత గాటు, అక్కడ వెంట్రుక మొలవదు. తన మీగడరంగు పాత కారు ముందు కాసేపు నిలబడేది.

"నాకెవ్వరు కనబడరు రాజనర్సూ. గా ట్యూబులైటే," అంది ఒకరోజు.

"నాక్గూడ గంతేనక్కా."

"మరెందుకు తుడుస్తవ్ దీన్ని? నడిపెటోళ్లు లేకపాయె."

"అన్ని మెరుస్తుంటె ఇదొక్కటి దుమ్ముల ఉంటె మంచిగనిపియ్యదక్కా."

ఆమె నవ్విందని కళ్లు చెప్పాయి. అప్పటి నుంచి రోజూ మాస్కుల్లోంచే రెండు మాటలు. కూరగాయల బండి వచ్చిందా, తాపీ నది మీద గాలి వీస్తోందా, అంతకు మించి ఏం లేదు.

మరుసటి ఏడు ఎండలు ముదిరేసరికి రోగం మళ్లీ వచ్చిపడింది, ఈసారి ఇంకా గట్టిగా. రోడ్డు మీద అంబులెన్సుల కూత ఆగేది కాదు. మొదటి అంతస్తు ఆయన కారు డోరు మీద తన అన్నను చూస్తూ ఉండగానే అన్న మాయమయ్యాడు. మళ్లీ ట్యూబులైటు కనబడింది. ఆయన ఫోను మోగేదాకా అక్కడే నిలబడ్డాడు. ఆ తర్వాత ఎవరూ కార్లు చూసుకోవడానికి దిగలేదు. భాగీరథి కూడా దిగలేదు. ఆమె కూడా భయపడి ఉంటుందనుకున్నాడు రాజనర్సు. అయినా కార్లు తుడవడం మానలేదు. మానితే ఏం చేయాలో తోచదు.

అలా ఒక పొద్దున ఉమాకాంత్ నల్ల కారు బానెట్ తుడుస్తుంటే ఒక ఆడమనిషి ముఖం కనబడింది.

వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. అంటే ఆ ముఖం తనకోసమే వచ్చింది. ఎవరో తనను తలుచుకుంటున్నారు. గుడ్డ చేతిలో పట్టుకుని పిచ్చివాడిలా సంతోషపడ్డాడు. తర్వాతే సరిగ్గా చూశాడు. ఆమె నేల మీద పడి ఉంది. చెంప బండకు ఆనింది. ఎండిన పెదవులు గాలి కోసం తెరుచుకుని మూసుకుంటున్నాయి.

ఎవరీమె? ఊళ్లోవాళ్లెవరూ కాదు. చచ్చిపోయిన భార్య తరఫువాళ్లెవరూ కాదు. ఈ ముక్కు, ఈ గడ్డం ఎక్కడా చూసినవి కావు. కానీ కళ్లు? చేతిలోని గుడ్డను బానెట్ మీద ఆమె ముక్కునూ నోటినీ కప్పేలా పరిచాడు. గుడ్డ పైన రెండు కళ్లు మిగిలాయి. ఎడమ కనుబొమ్మ మధ్యలో గాటు.

"అక్కా!" అంటూ మెట్లవైపు పరుగెత్తాడు.

తలుపుకు లోపల గడియ ఉంది. బాదిన చప్పుడుకు పక్కవాళ్లు తలుపులు తెరవకుండానే లోపల్నుంచి ఏమైందని అడిగారు. ఉమాకాంత్ మెట్ల మీదే ఆగిపోయాడు.

"ఆగు కాకా. లోపట కరోనా ఉంటె ఎట్ల?"

"ఉండబట్టే పడిపోయింది భయ్యా. నువ్వు బండి తియ్యి. లోపటికి నేను పోత."

భుజంతో గుద్దగా గుద్దగా గడియ ఊడింది. వంటింటి గుమ్మంలో ఉంది ఆమె. ఒళ్లు కాలిపోతోంది. అంబులెన్సుకు ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు. చేతుల మీద ఎత్తుకుని దింపాడు. ఉమాకాంత్ భయపడుతూనే కారు అద్దాలన్నీ దించి నడిపాడు. ఒక ఆసుపత్రి కాదంది, ఇంకొకటి కాదంది. మూడోచోట వరండాలో కుర్చీ ఇచ్చి ఆక్సిజన్ గొట్టం పెట్టారు.

"మీరేమవుతారు?" అని హిందీలో అడిగింది నర్సు.

రాజనర్సు తడుముకున్నాడు. "ఇంటిమనిషిని," అన్నాడు.

ఆమె బతికింది. ఇల్లు చేరాక చాన్నాళ్లు గొంతు రాలేదు. వచ్చాక ఒక మధ్యాహ్నం అతనికి అన్నం డబ్బా అందిస్తూ చెప్పింది:

"పడ్డంక ఎవర్ని పిలువాల్నో తెల్వలేదు రాజనర్సూ. ఎవరు యాదికి రాలే. కిందికెళ్లి నీ బకెట్ చప్పుడు వినబడ్డది. నువ్వు యాదికొచ్చినవ్."

అతను తల దించుకుని మాస్కు సర్దుకున్నాడు, డబ్బా తీసుకుని తన గదికి దిగాడు.

రోగం తగ్గి మగ్గాలు మళ్లీ జోరందుకోగానే గంగారాం ఊరి నుంచి తిరిగొచ్చి, పనికి రమ్మని ఫోను చేశాడు. "జర ఆగి చెప్త," అన్నాడు రాజనర్సు. ఆ వారమే భాగీరథి ఆ వయసులో డ్రైవింగు నేర్చుకోవడానికి చేరింది. పక్క సీట్లో మనిషి లేకపోతే నడపనని ఉమాకాంత్ ఎదుటే చెప్పేసింది. గంగారాంకు ఇంక ఏ జవాబూ వెళ్లలేదు.

చలికాలంలో ఒక ఆదివారం ఆమె మీగడరంగు కారును భయం భయంగా డుమస్ దాకా నడిపింది. సముద్రం ఒడ్డున బండి దగ్గర టమాటా భజియాలు కొన్నారు. వేడి వేడి పొట్లం ఇద్దరి మధ్యా పెట్టుకుని తినడానికి మాస్కులు తీశారు.

ఆమె చేతిలోని భజియా నోటిదాకా వెళ్లకుండా ఆగిపోయింది.

"నీకు మీసాలున్నయా!"

"ఉన్నయక్కా. వయసుల ఉన్నప్పటిసంది."

"మరెన్నడు చెప్పకపోతివి!"

"గదెట్ల చెప్తరక్కా?"

ఆమె పడీ పడీ నవ్వింది. ఆసుపత్రి తర్వాత అంత నవ్వు నవ్వడం అదే మొదటిసారి, దగ్గు కూడా వచ్చింది. నీళ్లు తాగి, తేరుకుని, మళ్లీ అతని వైపు చూసింది.

"చట్నీ అంటింది మీసాలకు. తుడుచుకో," అని కాగితం ముక్క చించి ఇచ్చింది.

తన ముఖాన్ని ఎవరైనా అంతసేపు చూసి ఎన్నేళ్లయిందో. రాజనర్సు కాగితం అందుకున్నాడు గానీ వెంటనే తుడుచుకోలేదు.