పెనం మీద కుందేలు

వంటగదికి గోడలు లేవు, గోడలుండవలసిన చోట నీళ్ళున్నాయి, ఆ నీళ్ళ మీద రుబ్బిన పిండి పొగమంచులా తెల్లగా పరుచుకొని ఉంది. ఆ తెలుపుకు అవతల ఎక్కడో గోదారి దాటించే పంటు మోత వినిపిస్తుండగా, సత్యవేణి పొయ్యి ముందు నిలబడి, చెంగు బొడ్లో దోపుకొని, పెనం రెండు చేతులా పట్టుకొని అటూ ఇటూ సర్దుతోంది. వానాకాలంలో జ్వరమని ఆసుపత్రికి వెళ్ళి, మళ్ళీ గడప తొక్కని తన తోడికోడలు ఇలా కనిపించినందుకు తాయారుకు వింతేమీ తోచదు. వింతల్లా ఆమె చేతిలో మసిగుడ్డ లేకపోవడమే.

"చెయ్యి కాలదా అక్కా?"

"ఇంకా కాలడానికేముందే నా దగ్గర!" అని సత్యవేణి నవ్వుతుంది. "ఏదీ, నీ కుందేల్ని పొయ్యి, చూద్దాం."

ఏ కుందేలని అడగనక్కర్లేదు. ఒక చెవి నిక్కబొడుచుకొని, ఒక చెవి నుదుటి మీదికి వంచుకొని, సాయంత్రం కాగానే టీవీలో గెంతులేసే లప్పు కుందేలు. సత్యవేణి ప్రతి ఉదయం కూతురు లాస్య కోసం పెనం మీద అట్టుగా పోసి, పళ్ళెంలో పడుకోబెట్టే కుందేలు. తాయారు గరిటెతో గుండ్రంగా మొహం పోస్తుంది, చెంచాతో దాని మీద కళ్ళు దిద్దుతుంది, మూతి దిద్దుతుంది. తెలుపు మీద తెలుపు, నీళ్ళ మీద రాసిన రాతలా, చూస్తూండగానే కరిగి కలిసిపోతుంది. తిరగేస్తే కళ్ళు లేవు, మూతి లేదు, అడుగున నల్లగా మాడిన అంచు మాత్రం ఉంది.

"ఓసినీ! మావయ్యగారు గెడ్డం గీయించుకోకుండా నిద్రలేచినట్టుందే!"

"నవ్వకక్కా." తాయారు మాడిన అట్టును పక్కకు లాగేస్తుంది. "ఇది లప్పు కాదు, గుడ్డిదని నిన్న లాస్య పళ్ళెం తోసేసింది. నువ్వు పోయినకాణ్ణుంచీ దానికి నా చేతి ముద్ద దిగట్లేదు. జడ వేయించుకుంటది గానీ నా మొహంకేసి చూడదు. భుజాల దగ్గర గౌను జారిపోతోందక్కా. ఎలా పోస్తావో చెప్పు."

సత్యవేణి నవ్వు ఆగిపోతుంది. పంటు మోత కూడా ఆగిపోతుంది.

"చెప్పను."

"అక్కా!"

"దాని బడి సంచి నీకొచ్చింది. దాని జడ నీకొచ్చింది. దాని దగ్గూ, దాని అలకా నీకే వచ్చినియ్యి. ఈ అట్టొక్కటీ నా దగ్గరుంది. ఇదీ నీ చేతికిచ్చేస్తే, అది ఇంక నన్నెందుకు తలుచుకుంటదే?"

తెలియకుండానే పెనం పెరుగుతోంది, పళ్ళెమంత నుంచి చాపంత, చాపంత నుంచి వాకిలంత. దాని ఆవలి అంచున సత్యవేణి చిన్నదై, ఈవలి అంచున తాను ఒంటరిదై, మధ్యన నల్లని ఇనుము అమావాస్య ఆకాశంలా వెడల్పై పోతోంది. కేక వేయాలని నోరు తెరుస్తుంది, నోటి నుంచి వచ్చేది ఒక్క మాటే.

"ఆకలితో పడుకుంటోందక్కా."

అవతలి అంచు నుంచే, పక్కనే నిలబడి చెప్పినంత దగ్గరగా, సత్యవేణి గొంతు వినిపిస్తుంది.

"మొహం ముందెవరు పొయ్యమన్నారే నిన్ను?"

"బొమ్మకి కళ్ళు ఆఖర్నే కదా పెడతారు?"

"అది గుళ్ళో బొమ్మకి. ఇది తినే బొమ్మ. పెనం మీద ముందు పడ్డదే ముందు కాలుద్ది, ముందు ఎర్రబడుద్ది. కళ్ళు ముందెయ్యి. మంట తగ్గించు, తొందరపడకు. కళ్ళు రంగు తిరిగాక మూతి, ఆ తరవాత మీసాలు."

తాయారు పెనం మీద నడుస్తూ చెంచా వంచి కళ్ళు పోస్తుంది, ఆగుతుంది, మూతి పోస్తుంది, ఆగుతుంది, మీసాలు సన్నని ధారగా లాగుతుంది. వెనక్కి నడిచినట్టుంది ఈ పని, చివరిది మొదలై, మొదటిది చివరై. నిక్కిన చెవి అయింది. వంగిన చెవి దగ్గర ఆమె చెయ్యి నిలిచిపోతుంది.

"ఇది ఏ పక్కక్కా?"

సత్యవేణి మొహం తిప్పుకుంటుంది. "నా చెవి పట్టుకుంటే గానీ దానికి నిద్ర పట్టేది కాదు," అంటుంది, అడిగినదానికి కాక వేరే దేనికో జవాబుగా. "గోరు గుచ్చుకునేది. చెయ్యి లాగేద్దామనుకునేదాన్ని, లాగబుద్ధి పుట్టేది కాదు." అంటూనే పెనం మీదుగా నడిచి వస్తుంది, వచ్చి తాయారు ఎడమ చెవి గట్టిగా పట్టుకుంటుంది.

"ఈ పక్క. తిరగేస్తే అది ఆ పక్కకి పోద్ది."

"అబ్బా! నొప్పెడుతోందక్కా."

"పెట్టనీ. ఇంక పిండి పొయ్యి."

తాయారు గరిటె ఎత్తి పోస్తుంది. పోసిన పిండి కళ్ళను కప్పుతుంది, మూతిని కప్పుతుంది, అంచు దాటి పొంగి సత్యవేణి పాదాలను, చీర కుచ్చిళ్ళను, నడుమును కప్పుతుంది.

"కళ్ళు కనపడట్లేదక్కా! నువ్వూ కనపడట్లేదు!"

"తిరగేసేదాకా అంతేనే. అడుగునే ఉంటాం. తిరగెయ్యి."

తెలుపు ఒక్కటే మిగిలింది. చెవిని పట్టిన పట్టు మాత్రం వదలలేదు. తాయారు ఆ తెలుపు కిందికి అట్లకాడ దూర్చి, ఊపిరి బిగబట్టి, తిరగేస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం. కరెంటు పోయి పంకా ఆగి ఉంది. చాప అచ్చు తాయారు చెంపకు అంటుకొని ఉంది. గోడవైపు తిరిగి, అంత దూరంలో పడుకున్న లాస్య ఎప్పుడు దొర్లి వచ్చిందో, నోరు తెరుచుకొని ఒళ్ళెరగని నిద్రలో ఉంది. చెమట పట్టిన దాని వేళ్ళు తాయారు ఎడమ చెవిని గుప్పెటగా పట్టుకొని ఉన్నాయి. ఎవరిదనుకొని పట్టుకుందో తెలియదు.

చెవి కమ్మ శీల మెత్తగా గుచ్చుకుంటోంది. తాయారు కదలదు.