పరంజ్యోతి పేరు మీద పోయిన క్యాన్సిల్

వాకాడు అవతల ఉప్పుకాలవ పక్కన పరంజ్యోతికి ఉన్నది ఒకటే రొయ్యల గుంట. అందులో తెల్లమచ్చ రోగం పడిన రొయ్య కనపడింది. తెల్లవారి పట్టుబడి చేసి, గుంటంతా వలేసి పట్టి అమ్మేస్తే సగమన్నా దక్కుతుంది, లేదంటే అంతా చస్తుంది. అందుకే రొయ్యలు కొనే కంపెనీ వెబ్‌సైట్లో వలవాళ్లనూ ఐసు బండినీ బుక్ చేశాడు. మనసు నిలవక, బుక్ అయిందా లేదా అని ఇంకోసారి తెరిచి చూశాడు.

పొద్దున ఎంతకీ బండి రాలేదు. కంపెనీ మనిషి నరేంద్రబాబుకు ఫోన్ చేశాడు.

"నువ్వే గదన్నా క్యాన్సిల్ కొట్టింది! నీ బండి విడవలూరు పంపించేసినా."

"గుంట చస్తా ఉంటే నేనెందుకు కొడతానబ్బా?"

"నీ లాగిన్‌లోంచే వచ్చిండాది. ఇంట్లో ఎవరన్నా నొక్కినారేమో."

"ఇంట్లో ఉండేది మీ వదిన ఒకతి. ఆమెకి ఫోనెత్తడమే రాదు."

"నా చెవులు బాగానే పనిచేస్తుండాయి," అంది ఎస్తేరమ్మ వంటింట్లోంచి.

బయటి వ్యాపారులు తెల్లమచ్చ అన్న మాట వినగానే ఫోన్ పెట్టేశారు. చివరికి పరంజ్యోతి తమ్ముడి కూతురు కెజియాకు చెప్పుకున్నాడు. వెబ్‌సైట్లలో లొసుగులు వెతకడమే ఆ పిల్ల ఉద్యోగం. అంతా చూసి తిరిగి ఫోన్ చేసింది.

"పెదనాయనా, వాళ్లకి ముందర ఒక కంప్యూటరు, వెనక ఒకటి. అందరి రిక్వెస్టులూ ఒకే వరసలో పోతాయి. ఒకరిది యాడ అయిపోయిందో ఆ రెండిటికీ పొత్తు కుదరలా."

పరంజ్యోతికి నిరుటి సంగతి గుర్తొచ్చింది. "పట్టుబడిలో ట్రేల మాదిరా?"

పట్టుబడి రోజు ఇద్దరు ముగ్గురు రైతుల సరుకు ఒకే బండికి ఎక్కుతుంది. గట్టు మీదివాడు ట్రేలు లెక్కపెట్టి అందిస్తాడు. బండిలోవాడు లెక్కపెట్టడు, బోర్లించిన ఖాళీ ట్రే వస్తే ఒక రైతుది అయిపోయినట్టు. నిరుడు పద్మనాభయ్య అనే రైతు సరుకు మధ్యలో ఎవడో పొరపాటున ఖాళీ ట్రే బోర్లించి అందించాడు. ఆయన ధర పలకని మెత్తరొయ్యంతా పరంజ్యోతి సరుకులో చేరి, మాట పడింది ఈయన.

"అచ్చం అంతే! ఎవడో కావాలనే మధ్యలో ట్రే బోర్లించినాడు. వాడి రిక్వెస్టు తోక 'క్యాన్సిల్' అని లోపల మిగిలిపోయింది. నువ్వు ఇంకోసారి తెరిచి చూసినావే, అది పోయి దాని వెనక అతుక్కుంది. తోక వాడిది, పేరు నీది."

"వాడికీ నాకూ ఏం పగమ్మా?"

"నువ్వెవరో కూడా వాడికి తెలీదు పెదనాయనా. వరసలో వాడి వెనకొచ్చింది నీది, అంతే."

కెజియా కంపెనీకి రాసింది. సాయంత్రానికి జవాబొచ్చింది. లొసుగు నిజమే, మూసేశాం, ధన్యవాదాలు. బండ్లు మాత్రం ఆదివారం దాకా లేవు.

అప్పటికే రొయ్యలు చస్తూ గట్టువారకు కొట్టుకొస్తున్నాయి. పక్క గుంట జయరామయ్య గట్టు మీద నిలబడి చేతులు నలుపుకుంటున్నాడు.

"అన్నా, నీళ్లు కాలవలోకి వదలబాకన్నా. నా గుంటలో ఇంకా రొయ్యపిల్లే."

"వదలనులే జయరామయ్యా. బ్లీచింగ్ కొట్టి అన్నిట్నీ గుంటలోనే చంపేస్తా."

ఎస్తేరమ్మ బ్లీచింగ్ మూట మోసుకొచ్చి దించింది. గుంట నడిమధ్య నీళ్లు చిందాయి.

"అయ్యో, ఇంకా ఎగురుతుండాయి," అంది.

"ఎగరనీ," అని పరంజ్యోతి మూట విప్పాడు.