నెల కోసం మిద్దెక్కిన మూడో తరగతి

పెళ్లయిన కొత్త. శింగనమలలో నాకు ఇంకా అన్నీ కొత్తే. కొండ మీద నిద్రమత్తులో తిరుగుతున్నట్టుండే గాలిమరలు కొత్త, మెట్టినింటి వసారాలో, ఇక్కడ చీనీకాయలనే బత్తాయిల వాసన కొత్త, అద్దంలో నా మెడలో పసుపుతాడు మరీ కొత్త. బస్టాండు వెనక ఉన్న చిన్న స్కూల్లో మూడో తరగతి చెబుతున్నాను. పిల్లలు నన్ను అర్చన టీచర్ అనరు, ‘కొత్త టీచర్’ అంటారు. అలా పిలిచిన ప్రతిసారీ ఎందుకో నవ్వొస్తుంది.

ఉగాదికి ముందు రోజు పండుగల పాఠం. నల్లబల్ల మీద మూడు గళ్లు గీశాను. ఉగాది, రంజాన్, క్రిస్మస్. ఎవరింట్లో ఏం చేస్తారో పిల్లలు చెప్పాలి, నేను రాయాలి. వేపపువ్వు, తలంటు, ఓళిగలనే బొబ్బట్లు ఒక గడిలోకి వెళ్లాయి. సేమ్యా, అత్తరు, కొత్త టోపీ ఇంకో గడిలోకి. ఇంటి ముందు కాగితం నక్షత్రం కట్టి లోపల బల్బు పెడతామని ఓబిలేష్ చెప్పాడు. అంతవరకు గళ్లన్నీ బుద్ధిగా నిండాయి.

అప్పుడు ముందు పన్ను ఊడిన ఇర్ఫానా లేచింది. “టీచర్, మేము నెల చూస్తాము. నెలవంక కనపడితేనే రంజాన్.”

“నెల ఉగాదిది,” అన్నాడు భరత్‌కుమార్. “పొద్దు మునిగినాక మా అవ్వ నెల చూపించి, పెద్దోళ్లకు మొక్కమంటాది.”

“ఉండేది ఒగటే నెల కదప్పా,” అంది వనజాక్షి విసుగ్గా.

సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ ఏడు ఉగాది సాయంత్రమే రంజాన్ నెలవంక కోసం చూసే సాయంత్రం. గోరంత వంక కోసం ఊరంతా ఒకేసారి పడమటికి తిరుగుతుంది. ఆ సంబరంలో, “రేపు పొద్దు మునిగే వేళకు అందరూ మా మిద్దె మీదికి రండి” అనేశాను. అత్తింట్లో ఒక మాట అడగలేదని తర్వాత గుర్తొచ్చింది.

బడి వదిలాక ఇర్ఫానా నా పక్కనే నడిచింది. “రేపే కనపడల్ల టీచర్. లేకుంటే మా నాయన పండక్కి ఉండడు.”

వాళ్ల నాయన ఫకృద్దీన్ లారీ డ్రైవరు. ఉగాది రోజు నెలవంక కనబడితే మరునాడే రంజాన్, లోడు ఆ రాత్రికి గానీ బయలుదేరదు కాబట్టి ఆయన ఇంట్లో ఉంటాడు. కనబడకపోతే పండుగ ఒక రోజు ఆలస్యమవుతుంది. అప్పటికి ఆయన చీనీకాయల లోడుతో నాగపూర్ దారిలో ఉంటాడు.

“పోయిన రంజాన్‌కూ లేడు, బక్రీదుకూ లేడు,” అంది.

“ఎవరి లోడు అది?”

“మీదే కద టీచర్. శేషయ్య తాతది.”

శేషయ్య అంటే మా మామగారు, చీనీకాయల వ్యాపారి.

ఇంటికి వచ్చి మా ఆయన హేమంత్‌కి చెప్పాను. “నాయన కాడ లోడు సంగతి ఎత్తద్దు,” అన్నాడు. “నన్నే తిడతాడు, నిన్నేమీ అనలేక.” మా అత్త లలితమ్మ మాత్రం, “అడక్కుండా పిలిచినావు, సరే. ఇంగ వాళ్లకు ఓళిగలు ఎవరు చేస్తారు, నెలనా?” అని రెండో విడత పిండి కలిపింది.

ఉగాది సాయంత్రం మిద్దె మీద పగటి ఎండ ఇంకా అరికాళ్లకు తగులుతోంది. ఆకాశం మొదట పండిన చీనీకాయ రంగులో ఉంది, తర్వాత లోపలి తొన రంగుకు దిగింది. పిల్లలు పిట్టగోడ పట్టుకుని వరసగా నిలబడ్డారు. హేమంత్ ప్రతి తెల్లటిదాన్నీ నెల అంటున్నాడు. ఒకసారి కొంగ, ఒకసారి దూరాన ఎవరిదో ఆరేసిన పంచె. నేను నవ్వినప్పుడల్లా ఇంకొకటి వెతుకుతున్నాడు.

ఇర్ఫానా ఆ రోజు ఒక్కపొద్దు ఉంది. మసీదులో అజాన్ వినబడగానే కాగితం పొట్లం విప్పి, ఖర్జూరం తాను ఒకటి తిని తక్కినవి పంచింది. మా అత్త నెయ్యి కారుతున్న ఓళిగ ఆమె చేతిలో పెట్టింది. ఆమె ఒక చేత్తో తింటూనే ఉంది, చూపు మాత్రం పడమర నుంచి తిప్పలేదు.

అక్కడే, సరిగ్గా కొండ పైన, ఒక మబ్బు లేచింది.

“పో మబ్బూ, పో,” అన్నాడు భరత్‌కుమార్.

మా అత్త వాడి నోరు మూసింది. “ఈ ఊర్లో మబ్బును పొమ్మనగూడదు నాయనా. ఎన్నేండ్లకో ఒగసారి వస్తాది. దానికి కోపమొస్తే మన గతేం గావల్ల?”

పిల్లలు ఆలోచనలో పడ్డారు. ఇర్ఫానా కొంచెంసేపు పెదవి కొరుక్కుని, “పోవద్దులే. రోంత పక్కకు జరుగు,” అంది మెల్లగా. అందరూ అదే పాట అందుకున్నారు. బుగ్గలు పొంగించి మబ్బు వైపు ఊదారు. నేనూ ఊదాను. మబ్బు కొండను కప్పుకుని హాయిగా పడుకుంది.

చీకటి పడేలోగా మా మామ కూడా పైకి వచ్చి, చేయి అడ్డం పెట్టుకుని చూశాడు. ఆయనకూ ఏమీ కనబడలేదు. కాసేపటికి మసీదు మైకులో చెప్పారు, నెలవంక ఎక్కడా కనబడలేదని, పండుగ ఎల్లుండని. ఇర్ఫానా పిట్టగోడ వదిలి కింద కూర్చుంది. ఏడవలేదు. అదే చూడలేకపోయాను.

కొత్త కోడలిని. లోడు గురించి అడిగే నోరు నాకు లేదు. కానీ టీచర్ని కదా. “పిల్లలూ, ఉగాది నెల కనబడకపోతే వెనకట ఏం చేసేవాళ్లో తాతను అడగండి,” అన్నాను. ఆ సంగతి నాకు ఎప్పుడో చెప్పిన హేమంత్ నా వైపు అదోలా చూశాడు.

మామ సంబరంగానే మొదలుపెట్టాడు. “మా నాయన నెల చూడకుండా తక్కెడ ముట్టేవాడు కాదు. ఏడాదే మొదలు కాలేదనేవాడు. మర్నాడు చూసి, మొక్కినాకే యాపారం.”

“మీకూ ఈ పొద్దు కనపడలేదు కద తాతా,” అంది ఇర్ఫానా.

“లేదు.”

“అయితే మీకూ ఏడాది మొదలు కాలేదు. మరి లోడు ఎట్ల పోతాది?”

ఆయన గొంతు సవరించుకున్నాడు. “మార్కెట్టు నెలను చూడదు పాపా. రేటు చూస్తాది.”

“చూడదా,” అంది. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే అడిగింది.

మా మామ పడమటి వైపు ఇంకోసారి చూశాడు. జేబులోంచి ఫోన్ తీసి, కళ్లకు దగ్గరగా పెట్టుకుని, స్పీకర్ నొక్కాడు.

“ఫకృద్దీనూ, రేపు కోత వద్దు. కూలోళ్లకు నేను చెప్తా. కాయ ఇంగో పొద్దు చెట్టు మీదుంటే చెడిపోదు. ఎల్లుండి పండగ చేసుకో. లారీ ఆ మర్నాడు.”

అవతల నుంచి ఫకృద్దీన్ గొంతు అనుమానంగా పలికింది. “శెట్టీ, ఒంట్లో బాగుండాది కదా?”

“నాకేమప్పా, గుండ్రాయి లెక్క ఉండా. నెల కనపడలేదు, అంతే. ఏడాదే మొదలు కానప్పుడు లోడేంది?”

ఇర్ఫానా చెప్పులు చేత పట్టుకుని మెట్లు దిగి పరుగెత్తింది. వెళ్తున్నానని ఎవరికీ చెప్పలేదు. “నన్ను ఇరికించినావు కదమ్మా,” అన్నాడు మామ నాతో, అటు చూస్తూనే. నేను తల వంచుకున్నాను, నవ్వు దాచుకోవడానికి.

మరునాటి సాయంత్రం ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. ఎవరూ పిలవకుండానే పిల్లలందరూ మిద్దెక్కారు. ఇర్ఫానా వాళ్ల నాయన భుజాల మీద ఎక్కి వచ్చింది, రెండు చేతులా ఆయన జుట్టు పట్టుకుని. కొండ అంచున నెలవంక సన్నగా, ఎవరో గోటితో గీరినట్టు కనబడింది. మామ రెండు చేతులూ జోడించాడు. ఫకృద్దీన్ అరచేతులు పైకి తెరిచాడు. పిల్ల జారకుండా నేను దాని కాలు పట్టుకున్నాను. నా రెండో చేయి ఎప్పటి నుంచో హేమంత్ చేతిలోనే ఉంది.

“నాకే ముందు కనపడింది,” అంది ఇర్ఫానా పైనుంచి.

“అది చెల్లదు,” అన్నాడు భరత్‌కుమార్. “నువ్వు లారీ ఎక్కి చూసినావు.”