ఆడవాళ్ళ వైపు లైటు

మెహ్‌నాజ్ మా స్టూడియోకు వచ్చేసరికి పుంగనూరు బజారులో షాపులు అప్పుడప్పుడే తెరుస్తున్నారు. చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చి, ఫోటో దిగేవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చుంది. ఫోటో కావాలంది. నేను వెనక తెర దించబోతే వద్దంది. స్టేజి మీద పాడుతుండగా తీసిన ఫోటో కావాలంట.

ఆమె మదనపల్లె నాగేంద్ర ఆర్కెస్ట్రాలో పాడుతుంది. పెళ్ళికి ముందు నుంచీ పాడుతూనే ఉంది. జాతరలు, గంధోత్సవాలు, రిసెప్షన్లు, ఏవైనా సరే. నేను ఆ కచ్చేరీలకు ఫోటోలు తీసేవాణ్ణి కాబట్టి ఆమెను అప్పటి నుంచీ ఎరుగుదును. ఆర్కెస్ట్రా బ్యానరు మీద ఇప్పటికీ ఉన్న ఆమె ఫోటో కూడా నేను తీసిందే. అందులో ఆమె ఇంకా పెళ్ళికాని పిల్ల.

అదే తంటా తెచ్చింది. జాతర కమిటీవాళ్ళు బ్యానరును ఫోన్లో చూసి, ఫలానా ఆమె రావాలని అడుగుతారు. తంబళ్లపల్లె వైపు ఒక ఊళ్ళో ఆమె స్టేజి ఎక్కితే, బ్యానర్లో ఉన్న మనిషిని తేకుండా వేరే మనిషిని తెచ్చారని కమిటీవాళ్ళు నాగేంద్రతో గొడవ పడ్డారంట. కుప్పం జాతర అయిపోతూనే కొత్త బ్యానరు కొట్టించాలని నాగేంద్ర అనుకున్నాడు. ఇప్పటి మొగంతో, పాడుతూ ఉన్న ఫోటో ఉంటే వేస్తానన్నాడు, లేకపోతే తీసేస్తానన్నాడు. స్టూడియో ఫోటోలను కమిటీవాళ్ళు నమ్మడం లేదంట. ఫోన్లో ఎవరినైనా సినిమా తారను చేసేయొచ్చు కదా మరి.

"బ్యానర్లో నా మొగం ల్యాకపోతే నన్ను ఎవురూ అడగరన్నా. అడగకపోతే నాగేంద్ర పిలవడు. పాడకుండా ఇంట్లో కూసోవాలంటే నా వల్ల కాదు" అంది.

తీస్తానన్నాను. ఆమె మొగం మీద కొంచెం వెలుగు పడితే చాలు కదా అనుకున్నాను.

మొదట మదనపల్లెలో ఒక రిసెప్షన్‌కు వెళ్ళాను. ఇప్పుడు రిసెప్షన్లు బెంగళూరు పబ్బుల మాదిరి చేస్తున్నారు. హాలంతా చీకటి చేసి, పొగ మిషను పెట్టి, పాట దెబ్బకొక రంగు మారే లైట్లు వేస్తారు. నీలం పడితే పెదాలు నల్లబడతాయి. ఎరుపు పడితే ముక్కూ చెంపా ఒకటైపోయి మొగం అప్పడంలా వస్తుంది. ఊదా పడితే నీళ్ళలో నానిన మనిషిలా ఉంటుంది. షట్టరు వేగం పెంచితే ఎల్‌ఈడీ వెలుగు చారలు చారలుగా ఫోటోకు అడ్డం పడుతుంది. తగ్గిస్తే కదిలే మనిషి మసకగా చెదిరిపోతుంది. పోనీ అని వెలుగు ఎక్కువ పట్టేందుకు ఐఎస్‌ఓ పెంచితే మొగం మీద ఉప్మా రవ్వ చల్లినట్టు వస్తుంది.

వెనకటి రోజుల్లో పెట్రోమాక్సు దీపాల కింద తీశాను, ట్యూబులైట్ల కింద తీశాను. అవి ఎంత తక్కువ వెలుగైనా ఉన్నచోట ఉండేవి. ఇవి నిలవవు.

విసుగొచ్చి ఒకసారి ఫ్లాష్ కొట్టాను. మెహ్‌నాజ్ ఉలిక్కిపడింది. మొగం సున్నం పూసినట్టు తెల్లగా, వెనక అంతా నల్లగా వచ్చింది. నాగేంద్ర చూసి, రేషన్ కార్డుకు తీసినట్టుంది అన్నాడు.

లైట్లు వేసే సురేంద్రను పక్కకు పిలిచి, ఈమె పాడే ఒక్క పాటకు తెల్ల లైటు నిలిపి ఉంచమని అడిగాను.

"తెల్ల లైటేస్తే టిఫిన్ సెంటరు మాదిరి ఉంటాదప్పా. పబ్లిక్‌కు కలర్ కావల్ల" అన్నాడు.

రెండోసారి మా పుంగనూరులోనే. ఆటోస్టాండువాళ్ళ వార్షికోత్సవం. ఆరుబయట కాబట్టి పొగ నిలవదు, బాగుంటుందనుకున్నాను. వాళ్ళు వెనకాల పెద్ద ఎల్‌ఈడీ తెర పెట్టి అందులో వాళ్ళ ఆటోలన్నీ వరసగా చూపించారు. వెనక అంత వెలుగుంటే ముందున్న మనిషి మొగం పొయ్యి మీద గిన్నె అడుగులా వస్తుంది. తెర ఆరిన కాసేపట్లో ఎట్లాగో కొన్ని తీశాను. వాటిలో వెలుగు పరవాలేదు. మొగమే బాగాలేదు. కనుబొమలు ముడిపడి, గడ్డం కింద ఏదో నీలం నీడ పడి, ఎవరినో కోప్పడుతున్నట్టు ఉంది. మెహ్‌నాజ్ వాటిని చూసి, ఇది మా అత్త ఫోటో కదా అంది. నవ్వుతూనే అంది కానీ కెమెరా తిరిగి ఇచ్చేటప్పుడు నా వైపు చూడలేదు.

పై లైట్లు నడినెత్తిన ఉండటం వల్ల నీడ పడుతోందని నేను అనుకున్నాను. ఎడమకు పోయి తీశాను, కుడికి పోయి తీశాను, స్పీకరు డబ్బా ఎక్కి తీశాను. మొగం అదే.

ఇక కుప్పం ఒక్కటే మిగిలింది.

కుప్పం గంగమ్మ జాతరకు నాగేంద్ర వ్యాను మదనపల్లె నుంచి వచ్చి పుంగనూరులో నన్ను ఎక్కించుకుంది. నా పక్క సీట్లో శ్రుతి కూర్చుంది. ఆర్కెస్ట్రాలో కొత్తగా చేరిన పిల్ల, డిగ్రీ చదువుతోంది. మెహ్‌నాజ్ పేరు పోతే ఆ స్థానం ఈ పిల్లదే అవుతుందని వ్యానులో అందరికీ తెలుసు. ఆ పిల్లకూ తెలుసు. పలమనేరు దాటాక కెమెరా ఇవ్వమని అడిగి, ఫోటోలు ఒక్కొక్కటే జరుపుతూ చూసింది. వెనక్కి పోయి మళ్ళీ చూసింది.

"తాతా, అక్క ఒక్క దాంట్లో కూడా పైకి సూడల్యా. అన్నిట్లోనూ ట్యాబే సూస్తాండాది" అంది.

కళ్ళద్దాలు పెట్టుకుని చూశాను. నిజమే. గడ్డం కింద ఆ నీలం వెలుగు, పాట మాటలు చూడటానికి స్టాండు మీద పెట్టిన ట్యాబ్‌ది. నేను ఇన్ని రోజులూ తప్పు పైన వెతికాను. అది కింద ఉంది.

మెహ్‌నాజ్ ముందు సీట్లో నుంచి అంతా వింది. వెనక్కి తిరిగి సంగతి చెప్పింది. ఆమె చదివింది ఉర్దూ బడిలో. తెలుగు పాటలన్నీ చెవితో విని నేర్చుకున్నవే. కిందటేడు ఇంకో గాయకుడు అమ్మవారి పాటలో ఒక చరణం బదులు ఇంకో చరణం పాడితే, ఆ ఊరి పెద్దలు స్టేజి మీదికి వచ్చి మైకు లాక్కున్నారంట. అప్పటి నుంచి పాడే ప్రతివాళ్ళ ముందు ట్యాబ్ ఉండాలని, అందులో పాట చూసే పాడాలని నాగేంద్ర కట్టడి పెట్టాడు.

"తెలుగు సదవడం నాకు నిదానమన్నా. కన్ను ఎత్తితే లైను పోతాది. ముందరైతే సూడకుండానే పాడతాంటి. ఇప్పుడు అది ముందర ల్యాకపోతే భయమైతాది" అంది.

నేను మూడో తరగతితో బడి మానేసినవాణ్ణి. అక్షరం పక్కన అక్షరం పెట్టుకుంటూ చదివేటప్పుడు నుదురు ఎట్లా ముడిపడుతుందో నాకు తెలియనిది కాదు. అయినా కనిపెట్టలేకపోయాను.

మొదటి పాటకు ట్యాబ్ మానేయమని శ్రుతి అంది. మొదటి పాట ఎప్పుడూ మెహ్‌నాజ్‌దే, గంగమ్మ పాట. ఆ పాట ఆమెకు నిద్రలో లేపినా వస్తుందని శ్రుతి వాదించింది. మెహ్‌నాజ్ ఒప్పుకోలేదు. కుప్పం జాతరలో గంగమ్మ పాటే మరిచిపోతే ఇక ఫోటోతో పనే ఉండదు, నాగేంద్ర అక్కడి నుంచే బస్సెక్కించి పంపిస్తాడు అంది. ఆ తరవాత కిటికీ వైపు తిరిగి పెదాలు కదుపుతూ కూర్చుంది.

మేము చేరేసరికి ఇంకా ఎండ ఉంది. నేను ఎక్కడికి పోయినా చీకటి పడక ముందే మైదానం చుట్టూ ఒకసారి తిరుగుతాను, ఏ లైటు ఎక్కడ కట్టారో చూసుకోవడానికి. స్టేజి వెనక గంగమ్మ బొమ్మకు సీరియల్ బల్బులు అల్లారు. పైన సురేంద్ర రంగుల లైట్లు. మన జాతరల్లో ఆడవాళ్ళు కూర్చునే వైపు చీకటి పెట్టరు. తాగినవాళ్ళు ఎవరైనా చొరబడితే కనపడాలని కమిటీవాళ్ళు ఒక బల్బు కట్టిస్తారు. కుప్పంలోనూ ఆడవాళ్ళ వెనక ఒక గుంజ నాటి పాతకాలం హాలోజన్ బల్బు కట్టారు. అది స్టేజి వైపే తిరిగి ఉంది. దాని మీద సురేంద్ర పెత్తనం లేదు, అది కమిటీది. రంగు మారదు, ఆరదు.

మెహ్‌నాజ్‌ను పిలిచి చూపించాను. పాటలో ఒక్కసారి ఆడవాళ్ళ వైపు తిరిగి నిలబడమని చెప్పాను. ఆమె గుంజ వైపు చూసింది, ట్యాబ్ స్టాండు పెట్టే చోటు చూసింది. రెండూ చెరో పక్క ఉన్నాయి.

దీపాలు పెట్టే వేళకు కొబ్బరికాయ కొట్టి కచ్చేరీ మొదలుపెట్టారు. జనం బాగా ఉన్నారు. తెలుగువాళ్ళు, తమిళంవాళ్ళు, కన్నడంవాళ్ళు, అంతా కలిసే కూర్చున్నారు. నాగేంద్ర కీబోర్డు దగ్గర కూర్చున్నాడు. మెహ్‌నాజ్ వచ్చి దండం పెట్టి, స్టాండు మీదున్న ట్యాబ్‌ను బోర్లా తిప్పి పెట్టింది. నాగేంద్ర చూశాడు. అప్పటికే అతని వేళ్ళు పాట ఎత్తుకున్నాయి, లేచి రాలేడు.

పల్లవి బాగా వచ్చింది. మొదటి చరణం కూడా. ఆమె నుదుటి మీద ముడి లేదు. కానీ సురేంద్ర లైట్లు దాని మీద నీలం, ఎరుపు, ఆకుపచ్చ తిప్పుతూనే ఉన్నాయి. నేను స్టేజి గుంజకు భుజం ఆనించి, హాలోజన్ వెలుగుకు సరిపడా కెమెరా పెట్టుకుని కాచుకున్నాను. ఆ వెలుగుకు షట్టరు వేగం బాగా తగ్గించాల్సి వచ్చింది. ఆమె ఏ మాత్రం కదిలినా చెదురుతుంది. పాడే మనిషి కదలకుండా ఉండదు.

రెండో చరణం ఎత్తుకుంటూ ఆడవాళ్ళ వైపు తిరిగింది. మొదటి మాట అంది. రెండో మాట రాలేదు.

నాగేంద్ర అదే ముక్కను మళ్ళీ వాయించాడు. అప్పుడూ రాలేదు. అతను పళ్ళు కొరుకుతూ ట్యాబ్ వైపు తల ఊపాడు. అది ఆమె వెనక ఉంది. మైకు పట్టుకుని ఆమె అట్లాగే నిలబడిపోయింది. వెనకాల కమిటీవాళ్ళలో ఒకతను కుర్చీలో నుంచి లేచాడు. నాకు వేలు ఆడలేదు. వ్యానులో ఆమె అన్న బస్సు గుర్తొచ్చింది.

అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఒక ముసలామె ఆ మాట అందుకుంది. మైకు లేకుండానే, గట్టిగా, స్వరం కుదరకుండా. పక్కనున్నవాళ్ళు కలిశారు. వాళ్ళలో కొందరి నోట గంగమ్మ పేరు తమిళ యాసలో పలికింది. అయినా చరణం అదే. మెహ్‌నాజ్ మైకును నోటి దగ్గర నుంచి తీసి వాళ్ళ వైపు చాచింది. చాచి కదలకుండా వింది. తల కొంచెం పైకెత్తి, నోరు మూసుకుని, తప్పు చేసి దొరికిన పిల్ల మాదిరి కళ్ళతో నవ్వుతూ ఉంది. హాలోజన్ వెలుగు ఆమె మొగం నిండా పడింది. ఊపిరి బిగబట్టి నొక్కాను.

చరణం ఆడవాళ్ళే పూర్తి చేశారు. పల్లవికి ఆమె కలుపుకుని పాడింది. చప్పట్లు ఎక్కువే పడ్డాయి. లేచిన కమిటీ మనిషి మళ్ళీ కూర్చున్నాడు.

శ్రుతి తన పాటకు స్టేజి ఎక్కినప్పుడు నాగేంద్ర దిగివచ్చి మెహ్‌నాజ్‌ను బాగా తిట్టాడు. ఆమె నీళ్ళు తాగుతూ వింది. నేను కెమెరా తీసుకుపోయి అతని చేతిలో పెట్టాను. చూశాడు. ఆమెను చూశాడు, మళ్ళీ ఫోటోను చూశాడు.

"మొగం బాగుండాది. నోరు మూసుకోనుండాదే అప్పా. పాడేదాన్ని నోరు మూసి బ్యానర్లో యాల ఏసేది?" అన్నాడు.

"మైకు వాళ్ళకిచ్చినాను కదన్నా. ఎవురిది మైకో వాళ్ళు తెరుస్తారు నోరు" అంది మెహ్‌నాజ్.

అతనికి నవ్వు రాబోయింది కానీ ఆపుకున్నాడు. వేస్తానని చెప్పలేదు.

కచ్చేరీ ముగిసేటప్పుడు కమిటీవాళ్ళు ఆడవాళ్ళ తరఫున వచ్చి గంగమ్మ పాట మళ్ళీ ఒకసారి పాడించమన్నారు. ఇందాక ఆడవాళ్ళకు మైకిచ్చినామే పాడాలని చెప్పారు. ఆమె పేరు వాళ్ళకు తెలియదు. నాగేంద్ర మాత్రం ఆ మాట మరిచిపోలేదు.

కొత్త బ్యానరు వచ్చింది. మదనపల్లె బస్టాండు దగ్గర ఒకటి కట్టారు, నేను చూశాను. ఫ్లెక్సీ కొట్టేవాడు అందరి మొగాలకూ ఒకే గులాబీ రంగు పూశాడు, ఆమెకూ పూశాడు. అయినా చెయ్యి చాచి వింటున్నది ఆమె ఒక్కతే కాబట్టి ఎవరైనా గుర్తుపడతారు. గుడుపల్లెవాళ్ళు ఫోన్ చేసి, జనానికి మైకిచ్చే ఆమె ఉంటేనే పెట్టుకుంటామన్నారంట. ఇంకొన్ని ఊళ్ళవాళ్ళు కూడా అట్లాగే అడిగారు. ఆమె పాట నిలిచింది.

ఇప్పుడు నాగేంద్ర కొత్త కట్టడి పెట్టాడు. ప్రతి కచ్చేరీలో గంగమ్మ పాట రెండో చరణం దగ్గర ఆమె మాట మరిచిపోవాలి. ట్యాబ్ బోర్లా ఉండాలి. మొన్న పుంగనూరులో కలిసినప్పుడు ఆమె దాని గురించే చెప్పింది.

"ఇప్పుడు ఆ చరణం ఎంత వద్దన్నా నోటికొచ్చేస్తాండాదన్నా. మరిచిపోయినట్టు నిలబడేదే కష్టంగా ఉండాది" అంది.

నేను ఆ తరవాత నాలుగైదు జాతరల్లో అదే పాటకు, అదే చోట, ఆడవాళ్ళ వైపు లైటులోనే తీశాను. మైకు చాచుతుంది, తల ఎత్తుతుంది, నవ్వుతుంది. కానీ కాలితో తాళం వేస్తూ ఉంటుంది. మాట తెలిసిన మనిషి కదా. ఫోటోలన్నీ చెదిరిపోయాయి.